ఉన్న నీరు, వచ్చే నీరు: హెన్రీ డార్సీ జీవిత రేఖలు

గోదావరీ తీరవాసులమైన మనకు 1803వ సంవత్సరం చిరస్మరణీయమైనది. ధవళేశ్వరం వద్ద ఆనకట్ట నిర్మించి ఈ డెల్టాను అన్నపూర్ణగా మార్చిన సర్ ఆర్థర్ కాటన్ జన్మించింది ఆ యేటి మే 15వ తేదీన. సరిగ్గా ఇరవై ఆరు రోజుల తరువాత, అంటే జూన్ 10న, ఫ్రాన్సు దేశంలోని దిజోన్ నగరంలో మరొక శిశువు జన్మించాడు. ఇద్దరూ పెరిగి ఇంజనీర్లయ్యారు. ఇద్దరూ నీటికే తమ జీవితాలను అంకితం చేశారు. ఒకరి విగ్రహానికి నేటికీ మన రైతులు పూలమాలలు వేస్తున్నారు. రెండవ వ్యక్తి హెన్రీ డార్సీ. ఆయన పేరు మన ఊళ్ళలో అంతగా వినబడదు గాని, భూమిలోని రాళ్ళను గురించి ఆలోచించే శాస్త్రజ్ఞులు ప్రపంచంలో ఏ మూలనున్నా ప్రతినిత్యం ఆ పేరును ఉచ్చరిస్తూనే ఉంటారు.

డార్సీ ఇంజనీరుగా పనిచేసిన కాలమంతటా మన యానాం ఫ్రెంచి పతాకం క్రిందనే ఉండేది. ఆ బంధం 1954లో ముగిసింది. అయినా ఆ దేశం నుండి మనం స్మరించుకోదగిన మహనీయులలో ఈయన ఒకడని, విద్యార్థులకు ఆదర్శప్రాయమైన జీవితమని తలచి, ఈ ప్లాటినం జూబిలీ సంచికలో ఆయన చరిత్రను సంగ్రహంగా మనవి చేస్తున్నాను.

బాల్యం, విద్యాభ్యాసం

డార్సీ తండ్రి ప్రభుత్వంలో పన్నుల వసూలు ఉద్యోగి. కుమారునికి పద్నాలుగేళ్ళ వయస్సులో, 1817లో, ఆయన మరణించాడు. ఇంటి పెద్ద పోయిన కుటుంబంలో ముందుగా ఆగిపోయేది పిల్లల చదువే. ఇది ఏ దేశంలోనైనా, ఏ కాలంలోనైనా కనబడే సత్యమే. కాని ఆ తల్లి చదువు ఆగనివ్వలేదు. అప్పు చేసి ఉపాధ్యాయులకు జీతాలిచ్చి కుమారుని చదివించింది. ఆ ఋణం ఎంతో, ఎన్నాళ్ళకు తీరిందో గాని, దాని ఫలం మాత్రం దిజోన్ నగరం తరతరాలుగా అనుభవించింది.

1821లో డార్సీ పారిస్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్‌లో ప్రవేశించాడు. ఫ్రాన్సులో గణిత, విజ్ఞాన శాస్త్రాలకు అది అగ్రశ్రేణి విద్యాపీఠం. రెండేళ్ళ తరువాత వంతెనలు, రహదారుల ఇంజనీర్లను తయారుచేసే ప్రత్యేక విద్యాలయానికి మారాడు. ఆ చదువు ముగిసిన పిమ్మట ప్రభుత్వ ఇంజనీర్ల శాఖలో ఉద్యోగం లభించింది. కొద్దికాలానికే తన స్వస్థలమైన దిజోన్‌లో పనిచేసే అవకాశం వచ్చింది. 1828లో హెన్రియెట్ కేరీ అనే ఆంగ్ల వనితను ఆయన వివాహమాడాడు. ఆమె కుటుంబం అప్పటికే దిజోన్‌లో స్థిరపడి ఉండేది.

పారిస్‌లో ఉన్నత విద్య పొందిన యువకునికి రాజధానిలో రాణించాలనే కోరిక సహజం. డార్సీ చూపు మాత్రం తాను పుట్టిన ఊరిపైనే నిలిచింది. ఆ ఊరిని అప్పటికి ఒక పెద్ద బాధ పీడిస్తూ ఉండేది. అది మంచినీటి కొరత.

దాహంతో ఉన్న నగరం

దిజోన్ సంపన్న నగరమే. ఒకనాడు బర్గండీ ప్రభువులకు రాజధాని. కాని అక్కడ త్రాగడానికి యోగ్యమైన నీరు లేదు. ఇళ్ళ మధ్య త్రవ్వుకున్న లోతులేని బావులలోకి మురుగు ఇంకేది. ఊరి మధ్యగా ప్రవహించే సుజోన్ అనే చిన్న యేరు కాలక్రమాన మురికి కాలువగా మారింది. 1832లో కలరా మహమ్మారి ఫ్రాన్సును అతలాకుతలం చేసింది. ఆ వ్యాధి నీటి ద్వారా సంక్రమిస్తుందని లండన్‌లో జాన్ స్నో నిరూపించడానికి ఇంకా ఇరవై రెండేళ్ళ వ్యవధి ఉంది. కారణం తెలియకపోయినా, మురికినీరు మనుషులకు చేటని తెలివిగలవారు గ్రహించకపోలేదు.

నగర పాలకులు మొదట ఆలోచించిన మార్గం లోతైన బావి. యంత్రాలతో భూమిని తొలచి, రాతిపొరల క్రింద దాగిన జలాన్ని పైకి రప్పించాలని ప్రయత్నించారు. బావి పడింది, నీరూ తగిలింది. కాని అది ఒక నగరం దాహం తీర్చగల ప్రవాహం కాలేదు. గంటలు గడిచినా కొద్దిపాటి నీరే ఊరేది.

ఆ వైఫల్యం ఇక్కడ ప్రత్యేకంగా గమనించదగినది. భూమిలో నీరు ఉండటం వేరు, ఆ నీరు మన చేతికి రావటం వేరు. మన ఇళ్ళలోనే దీనికి నిదర్శనం ఉంది. వేసవిలో కొత్త కుండలో నీరు పోస్తే దాని గోడ నీటిని పీల్చుకొని పైకి మెల్లగా చెమరుస్తుంది. ఆ మట్టిలో నీరున్నది, కాని దానినుండి చెంబెడు నీరు రాబట్టాలంటే రోజులు పడుతుంది. అదే గోదావరి ఇసుకలో మోచేతి లోతున చెలమ త్రవ్వితే క్షణంలో నీరు చిప్పిల్లుతుంది, ఎంత తోడినా తిరిగి నిండుతుంది. రెండింటిలోనూ సందులున్నాయి, రెండింటిలోనూ నీరున్నది. ఒకటి దారి ఇస్తుంది, రెండవది ఇవ్వదు. దారి ఇచ్చే ఈ గుణాన్నే శాస్త్రజ్ఞులు పారగమ్యత అంటారు. రాతిలో మొత్తం ఎంత ఖాళీ ఉన్నదో చెప్పే గుణానికి సచ్ఛిద్రత అని పేరు. దిజోన్ బావి ఓడిపోయింది ఈ రెండింటికీ ఉన్న తేడా దగ్గరే. ఆ తేడాను కొలిచే విధానం అప్పటికి ఎవరికీ తెలియదు.

రోజ్వార్ ఊట

డార్సీ బావిని నమ్ముకోలేదు. నగరం చుట్టుపట్ల ఉన్న ఊటలన్నింటినీ పరిశీలించి, 1834లో నగర పాలక మండలికి ఒక నివేదిక సమర్పించాడు. అందులో ఆయన ఎంచుకున్నది 12.7 కిలోమీటర్ల దూరంలో ఉన్న రోజ్వార్ అనే సహజమైన ఊట. ఆ నీటిని తెరిచి ఉన్న కాలువలో తెస్తే దారిలో మలినమవుతుంది. కనుక భూమిలో కప్పివేసిన కట్టడం గుండా తేవాలని, నగరం అంచున రిజర్వాయరులో నిలువచేసి అక్కడినుండి గొట్టాల ద్వారా వీధివీధికీ పంపాలని సూచించాడు. ఊట ఎత్తులోను, ఊరు పల్లంలోను ఉన్నందున నీరు తన బరువుతోనే ప్రవహిస్తుంది. పంపులు గాని, ఆవిరియంత్రాలు గాని అవసరం లేదు.

1839లో పని ఆరంభమైంది. 1840 సెప్టెంబరు 6న రోజ్వార్ నీరు నగర ద్వారం వద్దనున్న రిజర్వాయరుకు చేరింది. నిమిషానికి సుమారు 8,000 లీటర్ల నీరు వచ్చే ఏర్పాటు అది. తరువాత నాలుగేళ్ళలో 28,000 మీటర్ల పొడవున గొట్టాలు పరచి, వీధులలో 142 కుళాయిలు నెలకొల్పారు. కుళాయికి, కుళాయికి మధ్య దూరం దాదాపు 100 మీటర్లు మాత్రమే. బిందె పట్టుకొని వచ్చే స్త్రీలు ఎక్కువ దూరం నడవనక్కరలేకుండా, నీటికి వెల ఇవ్వనక్కరలేకుండా ఏర్పాటు జరిగింది. ఆనాటి ఐరోపాలో చాలా మహానగరాలకు కూడ అటువంటి భాగ్యం లేదు.

ఇంతటి పనికి ఇంజనీరుకు రావలసిన రుసుము పెద్ద మొత్తమే. డార్సీ దానిని స్వీకరించలేదు. నగరవాసులు కృతజ్ఞతతో ఇచ్చిన బంగారు పతకాన్ని మాత్రం తీసుకున్నాడు. అప్పు చేసి చదివించిన తల్లి కుమారుడు, ధనం విలువ తెలియనివాడు కాడు. తన ఊరికి నీళ్ళు పోసిన పనికి కూలి పుచ్చుకోవడం ఆయన మనస్సుకు సమ్మతం కాలేదు.

అంతటితో ఆయన సేవలు ఆగలేదు. పారిస్ నుండి లియోన్‌కు వేసే రైలుమార్గం దిజోన్ మీదుగా పోవాలని పట్టుబట్టినవారిలో ఆయన ముఖ్యుడు. అడ్డుగా ఉన్న కొండను తొలచి నాలుగు కిలోమీటర్లకు పైగా పొడవు గల బ్లేజీ సొరంగాన్ని నిర్మించే ప్రణాళికలో ఆయన కృషి ఉంది. రైలు రావడంతో దిజోన్ వాణిజ్య కేంద్రంగా వృద్ధి చెందింది.

పదవి, ప్రవాసం, పరిశోధన

1848లో ఫ్రాన్సులో మరొక విప్లవం చెలరేగింది. రాజు సింహాసనం వదిలాడు, ప్రభుత్వం మారింది. ఊరిలో పలుకుబడి గల ఇంజనీరు కొందరి కంట్లో నలుసయ్యాడు. రాజకీయ ఒత్తిళ్ళ కారణంగా డార్సీ తాను నీరు తెచ్చిన నగరాన్నే విడిచి వెళ్ళవలసి వచ్చింది. ఆయన ప్రతిభ తెలిసిన ఉన్నతాధికారులు మాత్రం ఆయనను వదులుకోలేదు. పారిస్ నగర నీటి సరఫరాకు, రహదారులకు ప్రధాన అధిపతిగా నియమించారు.

అక్కడ ఆయన తన ప్రియమైన పరిశోధనకు తీరిక కల్పించుకున్నాడు. గొట్టాలలో నీరు ప్రవహించేటప్పుడు గోడల రాపిడి వల్ల ఎంత శక్తి నష్టమవుతుందో వందల ప్రయోగాలతో కొలిచాడు. ఇంజనీరింగు విద్యార్థులు నేటికీ చదివే డార్సీ-వైస్‌బాఖ్ సూత్రంలో మొదటి పేరు ఆయనదే. ప్రవాహ వేగాన్ని కొలిచే పిటో గొట్టాన్ని సంస్కరించి నేటి రూపానికి దగ్గరగా తెచ్చినవాడూ ఆయనే.

ఈ శ్రమకు శరీరం తట్టుకోలేదు. ఆరోగ్యం క్షీణించడంతో 1855లో ఉద్యోగ బాధ్యతల నుండి విరమించుకొని, పరిశోధనకు మాత్రం అనుమతి పొంది దిజోన్‌కు తిరిగి వచ్చాడు. ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోవలసిన ఆ నెలల్లోనే ఆయన కీర్తిని శాశ్వతం చేసిన ప్రయోగం జరిగింది.

ఇసుక స్తంభం

నగరాలకు నదీజలాన్ని సరఫరా చేసేటప్పుడు దానిని ఇసుక పొరల గుండా పోనిచ్చి శుద్ధి చేయడం అప్పటికే వాడుకలో ఉన్నది. ఇంత జనాభాకు ఎంత విశాలమైన ఇసుక తొట్టి కావాలి, ఇసుక ఎంత మందంగా పరచాలి అన్న ప్రశ్నలకు లెక్క ప్రకారం సమాధానం చెప్పగలవారు లేరు. అనుభవజ్ఞులు చెప్పిన అంచనాలే ఆధారం. డార్సీకి అంచనాతో తృప్తి కలుగలేదు.

1855 అక్టోబరు చివర, నవంబరు మొదటి రోజులలో, దిజోన్‌లోని ఆస్పత్రి ఆవరణలో మనిషి నిలువు కంటె ఎత్తైన ఒక ఇనుప గొట్టాన్ని నిలువుగా నిలబెట్టారు. దాని లోపలి వ్యాసం 35 సెంటీమీటర్లు. అందులో ఫ్రాన్సులోని సోన్ నది ఇసుక నింపి, పైనుండి నీటిని వదిలారు. పైన, క్రింద నీటి ఒత్తిడిని పాదరసం నింపిన మానోమీటర్లతో చూశారు. నిర్ణీత సమయంలో క్రింద తొట్టిలో ఎంత నీరు చేరినదో కొలిచారు. ఇంజనీరు షార్ల్ రిట్టర్ ఆయనకు తోడుగా నిలిచాడు. ఆస్పత్రిలో ఎవరైనా కుళాయి త్రిప్పినప్పుడల్లా గొట్టాలలో నీరు కదిలి పాదరసం ఊగిపోయేది. అది కుదుటపడేదాకా ఓపికగా ఆగి మరల కొలవవలసి వచ్చేది. ఇసుక మందాన్ని మార్చారు, ఇసుక రకాన్ని మార్చారు, ఒత్తిడిని మార్చారు. 1856 ఫిబ్రవరిలో రిట్టర్ మరికొన్ని ప్రయోగాలు జరిపాడు.

ఫలితం ఎంత సరళంగా ఉన్నదంటే, ఎనిమిదవ తరగతి విద్యార్థి కూడ గ్రహించగలడు. ఇసుక గుండా వచ్చే నీరు, ఇసుక పొర వైశాల్యానికి అనులోమానుపాతంలో ఉంటుంది. పైనా క్రిందా ఉన్న నీటిమట్టాల తేడాకు కూడ అనులోమానుపాతంలో ఉంటుంది. పొర మందానికి విలోమానుపాతంలో ఉంటుంది. ఈ మూడింటితో పాటు ఆ ఇసుకకే చెందిన ఒక గుణకం ఉన్నది. ఇసుక మారితే గుణకం మారుతుంది. నీటికి దారి ఇచ్చే గుణానికి మొదటిసారిగా ఒక సంఖ్య లభించింది.

ఈ ఫలితాన్ని ఆయన ప్రత్యేక గ్రంథంగా చాటుకోలేదు. దిజోన్ నగర ప్రజా జలధారలను గురించి 1856లో ప్రకటించిన బృహద్గ్రంథానికి చివర చేర్చిన అనుబంధాలలో ఒకదానిలో కొద్ది పుటలకు పరిమితం చేశాడు. ఊరి నీటి పథకాన్ని వివరించే పుస్తకంలో, తరువాతి ఇంజనీర్లకు పనికివస్తుందని వ్రాసిన ఆ కొద్ది పుటలే భూగర్భ జలశాస్త్రానికి పునాది రాళ్ళయ్యాయి.

1857లో ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ ఆయనను సభ్యునిగా ఎన్నుకున్నది. ఆ గౌరవాన్ని అనుభవించే వ్యవధి మాత్రం లభించలేదు. పని మీద పారిస్‌కు వెళ్ళిన డార్సీ న్యుమోనియా సోకి 1858 జనవరి 3న కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు 54 సంవత్సరాలు. భౌతికకాయాన్ని దిజోన్‌కు తెచ్చి సమాధి చేశారు. రోజ్వార్ నీరు మొదటగా చేరిన చోటికి నగరవాసులు ఆయన పేరే పెట్టుకున్నారు. సగంలో మిగిలిన ఆయన కాలువ ప్రయోగాలను శిష్యతుల్యుడైన హెన్రీ బాజాన్ పూర్తిచేసి 1865లో ప్రచురించాడు.

ఆ సంఖ్య చేసిన ప్రయాణం

మహనీయుల జీవితం వారి మరణంతో ముగియదన్నది లోకోక్తి. డార్సీ విషయంలో దీనిని లెక్కలతో సహా చూపవచ్చు.

ధవళేశ్వరం ఆనకట్ట వంటి కట్టడాలు గట్టి రాతిపై కాక నది ఇసుకపైనే నిలిచి ఉన్నాయి. కట్టడం క్రింద ఇసుకలో నీరు ఊరుతూ పోతే పునాదికి ముప్పు. ఆ ఊటను లెక్కగట్టే శాస్త్రాన్ని 1936లో మన దేశపు ఇంజనీరు అయోధ్యనాథ్ ఖోస్లా తన సహచరులతో కలసి గ్రంథస్థం చేశాడు. ఆ లెక్కలకు మూలం డార్సీ నియమమే. ఈ విధంగా 1803లో పుట్టిన ఇద్దరు ఇంజనీర్ల పనులు, వారెవరూ ఊహించని రీతిలో, గోదావరి వంటి నదుల ఇసుకలో కలుసుకున్నాయి.

డార్సీ చెప్పిన గుణకంలో ఇసుక గుణం, నీటి చిక్కదనం రెండూ కలసి ఉండేవి. చమురును వెదకే శాస్త్రజ్ఞులకు ఈ రెండింటినీ విడదీయవలసిన అవసరం కలిగింది. 1933లో అమెరికాలో వైకాఫ్, మస్కట్ ప్రభృతులు రాతికి మాత్రమే చెందిన పారగమ్యతను కొలవడానికి ఒక ప్రమాణాన్ని ప్రతిపాదించి దానికి డార్సీ అని పేరు పెట్టారు. దానిలో వెయ్యవ వంతు మిల్లీడార్సీ. కృష్ణా-గోదావరి డెల్టా నేల క్రింద, తీరానికి ఆవల సముద్రగర్భంలో చమురు, సహజవాయువుల కోసం త్రవ్విన బావుల నివేదికలలో కూడ రాళ్ళ పారగమ్యత ఈ ప్రమాణంలోనే ఉంటుంది. రుసుము వదులుకున్న మనిషి పేరు మన కాళ్ళ క్రింది రాళ్ళకు కొలమానమైంది.

అయితే ఇక్కడ ఒక చిక్కున్నది. డార్సీ ఇసుకను గొట్టంలో నింపి నీరు పోసి చూడగలిగాడు. మూడు వేల మీటర్ల లోతున ఉన్న రాతిలో నీరు ఎవరు పోయగలరు? బావి త్రవ్వేటప్పుడు కొన్నిచోట్ల రాతిని కడ్డీలుగా కోసి పైకి తెచ్చి, ప్రయోగశాలలో డార్సీ పద్ధతిలోనే కొలుస్తారు. అది ఖర్చుతో కూడిన పని, ప్రతి అడుగులోనూ చేయలేరు. మిగిలిన లోతుల మాటేమిటి?

దీనికి సమాధానం అనుకోని దిక్కు నుండి వచ్చింది. 1946లో అమెరికాలో ఫెలిక్స్ బ్లాఖ్, ఎడ్వర్డ్ పర్సెల్ వేరువేరుగా కేంద్రక అయస్కాంత అనునాదాన్ని కనుగొన్నారు. ఇందుకు 1952లో ఇద్దరికీ నోబెల్ బహుమతి లభించింది. ఆస్పత్రులలో ఎం.ఆర్.ఐ. పరీక్షకు ఆధారమైనది ఈ సూత్రమే. నీటిలోని ప్రతి హైడ్రోజన్ కేంద్రకమూ ఒక అతిసూక్ష్మమైన అయస్కాంతం. బలమైన అయస్కాంత క్షేత్రంలో అవి ఒక వరుసకు వస్తాయి. తగిన రేడియో తరంగంతో వాటిని కదలిస్తే అవి కొంతసేపు సంకేతాన్ని వెలువరించి క్రమంగా శాంతిస్తాయి.

మన పాఠశాల గంటను తలచుకోండి. కొట్టి వదిలితే దాని నాదం చాలాసేపు మ్రోగుతుంది. కొట్టిన వెంటనే చేయి ఆనిస్తే ఆగిపోతుంది. రాతి సందులలోని నీటి సంకేతానికి సందు గోడయే ఆ చేయి. ఇరుకైన సందులో నీటి అణువు మాటిమాటికీ గోడను తాకుతుంది గనుక సంకేతం కొద్ది మిల్లీసెకండ్లలో అణగారిపోతుంది. విశాలమైన సందులో వందల మిల్లీసెకండ్ల పాటు నిలుస్తుంది. సంకేతం మొదటి బలాన్ని బట్టి రాతిలో నీరెంత ఉన్నదో తెలుస్తుంది. అది అణగారే కాలాన్ని బట్టి సందులు ఎంత వెడల్పో తెలుస్తుంది. ఉన్న నీరెంత, వచ్చే నీరెంత అన్న దిజోన్ బావి ప్రశ్నకు రెండు భాగాలకూ ఒకే పరికరం సూచన ఇస్తుంది.

1956లో బ్రౌన్, ఫాట్ అనే శాస్త్రజ్ఞులు ఇసుకలో నీటి సంకేతం త్వరగా అణగారడాన్ని వివరించారు. ఆ తరువాత సీవర్స్, తైమూర్, కోట్స్, కెన్యన్ మొదలైనవారు ఆ సంకేతం నుండి పారగమ్యతను అంచనా వేసే సూత్రాలను రూపొందించారు. 1990ల నుండి బావిలోకి దింపే ఆధునిక పరికరాలు విస్తృత వాడుకలోకి వచ్చాయి. ఇసుకరాళ్ళలో సాధారణంగా 33 మిల్లీసెకండ్ల లోపు అణగారే నీటిని రాతికి అంటుకొని కదలని నీరుగా, అంతకంటె ఎక్కువసేపు నిలిచేదానిని కదిలే నీరుగా పరిగణిస్తారు. కోట్స్ సూత్రం ప్రకారం సచ్ఛిద్రతా శాతాన్ని ఒక స్థిరసంఖ్యతో, తరచుగా 10తో, భాగించి నాలుగవ ఘాతానికి హెచ్చించాలి. దానిని, కదిలే నీటికీ కదలని నీటికీ గల నిష్పత్తి వర్గంతో గుణించాలి. సచ్ఛిద్రత 20 శాతం, కదిలే నీరు కదలని నీటికి మూడు రెట్లు అనుకుందాం. రెండు నాలుగవ ఘాతం 16, మూడు వర్గం 9, లబ్ధం 144 మిల్లీడార్సీలు. అదే 20 శాతం సచ్ఛిద్రత గల రాతిలో రెండు భాగాలూ సమానమైతే లభించేది 16 మాత్రమే. రెండు రాళ్ళలోనూ ఉన్న నీరు ఒకటే, వచ్చే నీరు తొమ్మిది రెట్లు తేడా.

అంచనా ఎప్పటికీ అంచనాయే అన్న హెచ్చరిక కూడ ఈ సందర్భంలో అవసరం. సంకేతం సందు వెడల్పును చెబుతుంది గాని, ఆ సందులు ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయో లేదో నేరుగా చెప్పదు. కొన్ని సున్నపురాళ్ళలో పెద్ద పెద్ద గుల్లలుంటాయి, వాటిమధ్య దారులుండవు. అక్కడ పరికరం రాతిని ఉదారమైనదిగా చూపుతుంది, రాయి మాత్రం చుక్క వదలదు. ఇనుము కలిసిన ఖనిజాలుంటే సంకేతం ఉండవలసినదానికంటె త్వరగా అణగారి, మంచి రాయి కూడ చెడ్డదిగా కనబడుతుంది. సందులలో చమురు, వాయువు చేరితే లెక్క మరింత చిక్కుపడుతుంది. అందుచేతనే సూత్రంలోని ఆ స్థిరసంఖ్యను ప్రతి ప్రాంతానికీ సరిచూసుకోవాలి. ఎలా సరిచూస్తారు? అక్కడి రాతిని కొంత పైకి తెచ్చి, దానిగుండా ద్రవాన్నో వాయువునో ప్రవహింపజేసి కొలుస్తారు. ఎంత దూరం పోయినా చివరికి 1855లో ఆ ఆస్పత్రి ఆవరణలో జరిగిన పనినే మరల చేయవలసి వస్తుంది.

ఈ విద్య చమురు బావులకే పరిమితం కాలేదు. 1970ల చివర సోవియట్ శాస్త్రజ్ఞులు నొవొసిబిర్స్క్‌లో ఇదే సూత్రాన్ని మంచినీటి అన్వేషణకు మళ్ళించారు. నేలపై పెద్ద తీగచుట్టను పరచి, భూమి యొక్క సహజ అయస్కాంత క్షేత్రాన్నే ఆధారం చేసుకొని, బావి త్రవ్వకముందే క్రింద నీరెంత లోతున ఎంత ఉన్నదో తెలుసుకునే పద్ధతి అది. సుమారు నూరు మీటర్ల లోతు వరకు అది పనిచేస్తుంది. అనేక దేశాలలో దీనిని మంచినీటి పరిశోధనకు వినియోగించారు. త్రవ్విన బావి నీరివ్వక నిరాశ చెందిన నగరంలో ఆరంభమైన కథ, నూటయాభై ఏళ్ళు తిరిగి మరల త్రాగునీటి దగ్గరికే చేరింది.

విద్యార్థులకు, వారిని తీర్చిదిద్దేవారికి

డార్సీ జీవితంలో మూడు విషయాలు మన పాఠశాలా కుటుంబం మననం చేసుకోదగినవి.

మొదటిది ఆయన తల్లి. ఫలితం కనబడుతుందో లేదో తెలియని చదువు కోసం ఆమె అప్పు చేసింది. ఈనాడు తన పిల్లలను ఈ పాఠశాలకు పంపుతున్న ప్రతి తల్లీ, ప్రతి తండ్రీ ఏదో ఒక రూపంలో ఆమె చేసిన పనినే చేస్తున్నారు.

రెండవది, ఆయన శాస్త్రానికి ప్రేరణ ఊరి దాహం. కీర్తి కోసం ఆయన ఇసుక స్తంభం నిలబెట్టలేదు. నీటిని శుద్ధిచేసే తొట్టి ఎంత పెద్దదిగా ఉండాలన్న సామాన్య ప్రశ్నకు నిజాయితీగల సమాధానం కోరాడు. ఆ సమాధానం లోకానికంతటికీ నియమమైంది.

మూడవది, కొలిచి చూసిన తరువాతనే మాట్లాడటం ఆయన స్వభావం. పాదరసం ఊగుతుంటే అది ఆగేదాకా వేచి ఉన్నాడు గాని తోచిన సంఖ్య వ్రాయలేదు. మన ప్రయోగశాలలో బ్యూరెట్టు ముందు నిలబడి, ఎలాగూ ఇంతే రావాలి కదా అని అంకె వేసే విద్యార్థికి ఇంతకంటె మంచి పాఠం వేరొకటి లేదు.

పాఠశాలకు కూడ ఉన్న నీరు, వచ్చే నీరు అనే భేదం వర్తిస్తుంది. విద్య, ప్రతిభ పిల్లలందరిలోనూ ఉంటాయి. అవి సమాజానికి అందాలంటే దారి ఇచ్చేవారు కావాలి. డెబ్బై అయిదు సంవత్సరాలుగా తెలుగు పలుకుతో ఆ దారిని తెరచి ఉంచిన ఉపాధ్యాయులకు, ఆ దారిన నడచి దేశదేశాలకు చేరిన పూర్వ విద్యార్థులకు ఈ శుభసమయాన నమస్కరిస్తూ, ఈ నీడన చదివే చిన్నారులలో మరొక డార్సీ, మరొక కాటన్ ఉదయించాలని మనసారా కోరుకుంటున్నాను.